కొత్త పన్నూ నిండు పియాలా

మార్చి పదకొండు. నోర్మత్ మాస్టారికి ఆ తేదీ గుర్తుండిపోయింది. మధ్యాహ్నం నిన్నటి పలావు వేడి చేసుకుని తింటూంటే శనగల్లో రాయి తగిలి ముందుపన్ను అంచు ఊడిపోయింది. వండిందీ తనే కాబట్టి కోప్పడడానికి ఎవరూ లేరు.

బాధ పన్ను విరిగినందుకు కాదు. మర్నాడు ఓయ్‌జమోల్ ఇంటికి పెళ్ళిచూపులకు వెళ్ళాలి. ఆయన భార్య పోయి ఆరేళ్ళు, ఆవిడ భర్త పోయి నాలుగేళ్ళు. ఆ ఉజ్బెక్ ఊరు మార్గిలాన్‌లో ఇంతకంటే ముసలి పెళ్ళికొడుకులు లేకపోలేదు. కానీ ఆవిడ ఎదుట నోరు మూసుకుని కూర్చోవడం ఆయనకు ఇష్టం లేదు.

అన్న కూతురు షహ్లో పళ్ళ డాక్టరు. సాయంత్రానికల్లా పన్ను రంగులోనే ఉండే మందు నింపి, నీలికాంతి పట్టి గట్టిపరిచి, అద్దం చేతికిచ్చింది.

“బంగారు పన్ను అయితే ఏం తాగినా మాసేది కాదు, బాబాయ్. ఇది కొత్తలో రంగు పీల్చుకుంటుంది. రెండు రోజులు టీ వద్దు, కాఫీ వద్దు, దానిమ్మ రసం అసలే వద్దు.”

“మరేం తాగను తల్లీ?”

“మంచినీళ్ళు. మేకలు తాగట్లా?”

మర్నాడు ఓయ్‌జమోల్ తమ్ముడు హోల్‌మత్ గుమ్మంలోనే ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. రొట్టె తుంచారు. ఓయ్‌జమోల్ పియాలాలో, అంటే పిడిలేని చిన్న టీ గిన్నెలో, అడుగు తడిసేంత టీ పోసి అందించింది. కొంచెం పోయడమే గౌరవం; అయిపోగానే మళ్ళీ పోస్తారు, మాట సాగుతుంది. మాస్టారు తాగాడు. ఆవిడ మళ్ళీ పోసింది. వద్దంటే ఇంటినే వద్దన్నట్టు. పన్ను సంగతి చెబితే, ఈ వయసులో సింగారించుకు వచ్చాడంటారు. ఒక్కసారే నిండా తాగేస్తే పన్నుకు ఒక్క తడుపుతో పోతుంది కదా అని ఆయనకు తోచింది. కాలేజీలో రసాయనశాస్త్రం చదివినవాడు మరి.

“ఈసారి నిండా పోసెయ్యండి,” అన్నాడు.

నిండు పియాలా అంటే ‘ఇది తాగి బయల్దేరు’ అని. అతిథికి పోయకూడనిది. అతిథే నోరు తెరిచి అడిగితే ఇక సంబంధం తెగినట్టే.

హోల్‌మత్ ముఖం గంటు పెట్టుకున్నాడు. “మాస్టారూ, మా అక్క నచ్చకపోతే నచ్చలేదనండి. మధ్యలో టీ చేత చెప్పించడం దేనికి?”

“అయ్యో, అది కాదు నాయనా! పన్ను...”

“పన్నేంటి?”

మాస్టారు పై పెదవి ఎత్తి చూపించాడు. “నిన్ననే పెట్టించా. టీ తగిలితే పచ్చబడుతుందట. మీ ఎదుట కాస్త నవ్వొచ్చు కదా అని...”

హోల్‌మత్ వంగి చూశాడు. “అక్కా, అప్పుడే కొంచెం పచ్చబడింది.”

“నువ్వూరుకో.”

ఓయ్‌జమోల్ ఆయన పియాలా కడిగి, నీళ్ళు మరిగే సమోవార్‌లోంచి వట్టి వేడినీళ్ళు పట్టింది. అడుగు తడిసేంతే. తన పియాలాలో కూడా అవే పోసుకుంది.

“నేను కూడా ఇవే తాగాలా?” అన్నాడు హోల్‌మత్.

“నీకేం పెళ్ళిచూపులా? టీ తాగు.”

చీకటి పడేదాకా మాట్లాడుకున్నారు. మాస్టారు ఆరేడుసార్లు నవ్వాడు. లేవబోతూంటే ఆవిడ అడిగింది:

“టీ ఎప్పట్నుంచి తాగొచ్చన్నారు?”

“ఎల్లుండి నుంచి.”

“అయితే ఎల్లుండే రండి.”

సందు మలుపులో ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఓయ్‌జమోల్ ఇంకా గుమ్మంలోనే ఉంది. ఆయన చూశాడని తెలిశాక, చప్పుడు కాకుండా తలుపు దగ్గరకు వేసుకుంది.