బ్రోకరుతో మాట్లాడండి

మా గేటుకి 'ఇల్లు అమ్మబడును' అనే బోర్డు కట్టిన రోజే బ్రోకరు మా ఇద్దర్నీ వరండాలో కూర్చోబెట్టి క్లాసు పీకాడు.

"రేపటి నుంచి జనం నేరుగా మీ దగ్గరికే వస్తారు. మధ్యలో బ్రోకరెందుకు, మనం మనం చూసుకుందాం అంటారు. తియ్యగా మాట్లాడతారు. మీరు మాత్రం నోరు విప్పకండి. ధర చెప్పొద్దు, ఎందుకమ్ముతున్నారో చెప్పొద్దు, లోపలికి రమ్మనొద్దు. 'మా బ్రోకరుతో మాట్లాడండి' అనండి, అంతే. దండం పెట్టి చెప్తున్నా."

దండం నాకు పెట్టాడు గానీ చూపంతా మా ఆయన మీదే ఉంది. మనిషిని చూడగానే పసిగట్టేశాడు. మా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ప్రింటింగు ప్రెస్సులో మిషన్ల చప్పుడు మధ్య బతుకంతా గడిపిన మనిషి, రిటైరయ్యాక ఆ చప్పుడులో మాట్లాడలేకపోయినదంతా ఇప్పుడు మాట్లాడేస్తున్నాడు. వినేది నేను కాబట్టి నాకు తెలుసు.

మేం అమ్ముతున్నది ఆయన మోకాళ్ల కోసం. మా ఇల్లు వీధికి ఎత్తులో ఉంటుంది. గేటు దాటి వరండా చేరేలోపు మెట్లెక్కాలి. ఆయన ఆ మెట్ల మీద చెయ్యి ఆనించుకుంటూ, ఒక్కో మెట్టునీ తిట్టుకుంటూ ఎక్కుతుంటే నాకు చూడబుద్ధయ్యేది కాదు. ఊరికి అవతలి వైపు లిఫ్టున్న ఫ్లాటు ఒకటి చూసుకుని అడ్వాన్సు కూడా ఇచ్చేశాం. ఇక ఇది అమ్ముడుపోక తప్పదు.

బ్రోకరు చెప్పినట్టే వచ్చారు. ఒకాయన జేబులోంచి తాళంచెవి తీసి గోడని గీకి చూశాడు, సున్నం రాలుతుందేమోనని. ఒకావిడ బాత్రూంలోకి వెళ్లి కుళాయిలన్నీ తిప్పి, కట్టకుండానే వచ్చేసింది. ఇంకొకాయన చెప్పులు విప్పకముందే "ఆఖరికెంతకిస్తారు?" అన్నాడు. మొదలెంతో అడగలేదు మహానుభావుడు.

అందరికంటే ఘనుడు వేరే ఉన్నాడు. నేను బజారుకెళ్లిన సమయం చూసి వచ్చాడు. వచ్చీరాగానే మా ఆయన ఇంటిపేరు అడిగాడట. "అయ్యో, మా పెద్దమ్మ పుట్టింటి వాళ్లదీ అదే!" అని, కుర్చీలో కూర్చునేలోపు చుట్టరికం కలిపేసి బాబాయ్ అన్నాడట. ఇంకేం, మా ఆయన ఆనకట్ట తెగింది. ఫ్లాటుకి అడ్వాన్సు ఇచ్చేశామని చెప్పాడు. తొందరగా అమ్మాలని చెప్పాడు. వంటింటి గోడ వానాకాలంలో చెమ్మగిల్లుతుందని, ఎవరూ అడక్కుండానే, తీసుకెళ్లి చూపించాడు. మర్నాడు ఆ అబ్బాయి బ్రోకరుకి ఫోన్ చేసి మేమడిగిన దాంట్లో సగం చెప్పాడు. పైగా "వాళ్లు చాలా అవసరంలో ఉన్నారటగా" అన్నాడట.

బ్రోకరు మా ఇంటికొచ్చి ఎగిరిపడ్డాడు. మా ఆయన తల దించుకుని, "వాడు బాబాయ్ అన్నాడయ్యా" అన్నాడు.

ఆ రోజు నుంచి గేటు కాపలా నాది. నాకు నోటి దురుసు ఉందని ఊరంతా అంటారు, ఇప్పటికి పనికొచ్చిందన్నమాట. అయినా ఎందుకైనా మంచిదని మా ఆయన నాకు రిహార్సల్స్ పెట్టాడు. నేను ముందుగదిలో బట్టలు కుడుతుంటే ఆయన గుమ్మం బయట నిలబడి గొంతు మార్చి, "అమ్మా, ఇల్లు చూడొచ్చా?" అనేవాడు.

"మా బ్రోకరుతో మాట్లాడండి."

"నవ్వకే. నవ్వితే మెత్తబడ్డావనుకుంటారు. మళ్లీ."

"మా బ్రోకరుతో మాట్లాడండి."

అది నా నాలుకకి ఎంత పట్టేసిందంటే, ఒకరోజు గ్యాసు బండ తెచ్చినతను బెల్ కొడితే తలుపు తీస్తూనే అదే మాట అనేశాను. అతను బండ భుజం మీద పెట్టుకుని అలాగే నిలబడి, "గ్యాసుకి కూడా బ్రోకరున్నాడా అమ్మా?" అన్నాడు. పక్కింటి పొడుగు అది విని గోడ అవతల పడీపడీ నవ్వింది.

పొడుగు అంటే మా పక్కింటి నర్సు. ఆమె పొడుగు, నేను పొట్టి. నేను ఆమెని పొడుగూ అంటాను, ఆమె నన్ను బుడంకాయ్ అంటుంది. మా పెరటి గోడకి చిన్న తలుపొకటి ఉంది. ఆమె ఎప్పుడొచ్చినా అందులోంచే, చెప్పకుండా, నైట్ డ్యూటీ దిగి వాచిన కళ్లతో నేరుగా నా వంటింట్లోకి వచ్చి టీ గిన్నె మూత తీసి చూసేది. ఇన్నేళ్లలో ఆమె మా ఇంటి ముందు బెల్ కొట్టిన గుర్తు నాకు లేదు. మా మధ్య ఏమే, ఒసేయ్ తప్ప ఇంకో పిలుపు లేదు. కాపురానికొచ్చిన కొత్తలో నాలుగు రోజులు అండీ అనుకున్నామేమో, అంతే.

ఆమెకొక చెల్లెలుంది. కళ్లు కొద్దికొద్దిగా పోతున్నాయి, మందుల్లేవన్నారు. ఊళ్లో ఒక ఆఫీసులో ఫోన్లు ఎత్తే ఉద్యోగం, ఎవరిదో మేడ మీద అద్దెగది. సెలవు రోజుల్లో అక్క దగ్గరికొచ్చి, అక్క డ్యూటీలో ఉంటే నా దగ్గర కూర్చునేది. నన్నూ అక్కా అనే పిలుస్తుంది. గోడలు పట్టుకోకుండా మా ఇంట్లో తిరిగేది, నీళ్లు తనే ముంచుకునేది.

బోర్డు కట్టిన రోజు పొడుగు దాన్ని చూసి, "వెళ్లవే వెళ్లు, నీ కుట్టుమిషను గోల వదిలితే పగలు హాయిగా నిద్రపోతాను" అంది. తర్వాత కొన్నాళ్లు పెరటి తలుపులోంచి రావడం తగ్గించింది. అలిగిందనుకున్నాను. నేను వెళ్లిపోతుంటే అలగదా మరి అని లోలోపల కాస్త మురిసిపోయాను కూడా.

ఆ సాయంత్రం నేను మామూలుగా లేను. మధ్యాహ్నం ఒక జంట గేటు తోసుకుని లోపలికొచ్చేసి, నా బీరువా తలుపు తెరిచి, "ఇది గోడలోదా, మీతో తీసుకెళ్తారా?" అని అడిగారు. వాళ్లని పంపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మళ్లీ బెల్ మోగింది. నోట్లో గుండుసూదులు, మెడలో టేపు. సూదులు చేతిలోకి ఉమ్ముకుని విసురుగా తలుపు తీశాను.

ఎదురుగా పొడుగు, వాళ్లాయన. ఇద్దరూ ఇస్త్రీ బట్టల్లో ఉన్నారు. ఆయన చంకలో ఫైలుంది. ఆమె తల దువ్వుకుని, చేతులు ముందు కట్టుకుని, ఉద్యోగానికి ఇంటర్వ్యూకొచ్చిన పిల్లలా నిలబడింది.

"ఇల్లు విషయం... మేం తీసుకుందామనుకుంటున్నామండి" అన్నాడు వాళ్లాయన.

"మా బ్రోకరుతో మాట్లాడండి" అన్నాను.

నేను అనలేదు, నా నాలుక అనేసింది. పొడుగు మొదట పకాలున నవ్వింది. గ్యాసువాడితో అన్నట్టే అన్నాననుకుంది. నేనూ నవ్వుతానని నా మొహంలోకి చూస్తూ ఆగింది. ఆ క్షణంలో "బ్రోకరుతో మాట్లాడవే పొడుగూ" అన్నా సరిపోయేది. అదే మాట, చివర అండి తీసేస్తే చాలు, ఇద్దరం గుమ్మంలోనే కూలబడి నవ్వుకునేవాళ్లం. నేను నవ్వలేదు. నా వెనక మా ఆయన, శిష్యురాలు నెగ్గినందుకు కాబోలు, మెచ్చుకోలుగా గొంతు సవరించుకున్నాడు.

ఇంకోటి కూడా ఉంది. నాకు హాయిగా అనిపించింది. పొడుగుతో ధర మాట్లాడటమెలాగ? ఎక్కువ చెబితే ఆమె మొహం ఎలా చూడను, తక్కువ చెబితే ఫ్లాటువాళ్లకేం చెప్పను? ఆ మొహమాటమేదో బ్రోకరే పడతాడులే అనుకున్నాను. అందుకే దిద్దుకోలేదు.

పొడుగు నవ్వు ఆపింది. "అలాగేనండి" అంది.

మెట్లు దిగి వెళ్లిపోయారు. రేపు పొద్దున పెరట్లోంచి వస్తుంది, నాలుగు తిట్లు తిడుతుంది, టీ తాగుతూ అన్నీ మాట్లాడుకుందాం అనుకున్నాను. రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. బ్రోకరుని అడిగితే పక్కింటివాళ్లెవరూ ఫోన్ చెయ్యలేదన్నాడు. చెయ్యలేదంటే మనసు మార్చుకున్నారేమోలే, పోనీలే, అదీ మంచిదే అని సర్దిచెప్పుకున్నాను. నాకు నేను సర్దిచెప్పుకోవడంలో నన్ను మించినవాళ్లు లేరు.

ఈలోగా బ్రోకరు కలప వ్యాపారి ఒకాయన్ని తెచ్చాడు. మర్యాదస్తుడు, గోడలు గీకలేదు, బేరం ఎక్కువ చెయ్యలేదు. అగ్రిమెంటు మీద సంతకాలు అయిపోయాయి. ఆ రాత్రి మా ఆయన ఎన్నాళ్లకో నొప్పులు మర్చిపోయి నిద్రపోయాడు.

ఈ సంగతి వేరేవాళ్ల నోట వినకూడదని మర్నాడు పెరట్లోకి వెళ్లాను. చిన్న తలుపు అవతలి నుంచి గడియ పెట్టి ఉంది. ఆ తలుపుకి గడియ ఉందన్న సంగతే నేను మర్చిపోయాను. చుట్టూ తిరిగి వీధిలోంచి వెళ్లి వాళ్ల బెల్ కొట్టాను.

"రండి" అంది పొడుగు.

"ఏంటే ఇది, రండీ గిండీ! నాలుగు తన్ను, పడతాను. ఇలా మాట్లాడకు."

"మిమ్మల్నేమన్నాను?"

"ఏదో తిక్కలో అనేశాను. నీకూ బ్రోకరుకూ ఏం సంబంధం? మర్నాడు రావచ్చుగా! ఫోనైనా చెయ్యలేదే!"

అప్పుడు, పోయిందనుకున్న 'నువ్వు' అనే పిలుపు తిరిగొచ్చింది. కానీ ఎలా వచ్చిందని!

"నీ ఇంటికి ముందు గుమ్మంలోంచి ఎందుకొచ్చానో తెలుసా? స్నేహం చూపించి తక్కువకి కొట్టేసిందని రేపు మీ ఆయన అనుకోకూడదని. అందరిలాగే వచ్చి, అందరిలాగే అడిగి, నువ్వెంతంటే అంతిద్దామని బ్యాంకు చుట్టూ తిరిగి అన్నీ సిద్ధం చేసుకుని వచ్చాను. కూర్చోవే అంటావనుకున్నాను. ఆ ఒక్క మాట చాలు, మిగతాదంతా బ్రోకరుతోనే మాట్లాడేదాన్ని."

"నీకెందుకే ఇంకో ఇల్లు?" అన్నాను నేను, తెలివితక్కువగా.

"నాకు కాదు. చెల్లికి. దానికి ఇంకో ఏడాదికి బొత్తిగా కనపడదన్నారు. మా ఇంట్లో ఉండమంటే బరువవుతానని ఒప్పుకోదు; మా ఇల్లు కాక, కళ్లు లేకుండా అది తిరగగలిగిన ఇల్లు ఈ ఊళ్లో మీదొక్కటే. గోడ ఇవతల నేనుంటాను, పిలిస్తే పలుకుతాను."

సంతకాలయిపోయాయని చెప్పడానికి వెళ్లినదాన్ని, ఎలా చెప్పానో గుర్తులేదు. చెప్పాను. ఆమె తల ఊపింది. "చెల్లికి తెలీదు. కుదిరాక చెబుదామని ఆగాను. నువ్వూ చెప్పకు" అంది. తలుపు నెమ్మదిగానే వేసింది.

నేను ఊరుకోలేదు. బ్రోకరు కాళ్లావేళ్లా పడ్డాను. కలప వ్యాపారి ఇంటికి స్వయంగా వెళ్లి, పిలవని పేరంటంలా ఆయన హాల్లో నిలబడి, అగ్రిమెంటు వెనక్కి తీసుకోమని బతిమాలాను. ఆయన నా మాటంతా ఓపిగ్గా విని, నీళ్లిచ్చి, "మా కోడలికి ఆ ఇల్లు చాలా నచ్చిందమ్మా. మీరు మా బ్రోకరుతో మాట్లాడండి" అన్నాడు. ఆయన తప్పేముంది! ఇంటికొచ్చి మా ఆయన మీద అరిచాను, ఆయన మోకాళ్ల మీద అరిచాను. "నేనైతే లోపలికి రమ్మనేవాణ్ని" అన్నాడాయన. నిజమే, ఆయనైతే రమ్మనేవాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

సామాను లారీ ఎక్కించి తాళాలివ్వాల్సిన రోజు పొడుగు చెల్లెలొచ్చింది.

"ఖాళీ చేస్తున్నారటగా అక్కా! ఒకసారి ఇల్లంతా తిరిగి వెళ్తాను" అని నవ్వుతూ లోపలికి నడిచింది. ముందుగదిలోకి వచ్చి, మిషనుండే చోటికి చెయ్యి చాపింది. ఏమీ తగల్లేదు. కాస్త కుడికి జరిగింది. మంచమూ లేదు. ఆ పిల్లకి తెలిసిన గుర్తులన్నీ లారీలో ఉన్నాయి. గది మధ్యలో నిలబడిపోయింది, చేతులు గాల్లో పెట్టుకుని. తన గొంతు గోడలకి తగిలి తిరిగొస్తుంటే విని, "ఎంత పెద్దదైపోయిందక్కా" అంది. "కొన్నవాళ్లు అదృష్టవంతులు."

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే తెలిసిపోతుందని పెదవి బిగించాను. మొహం ఎలా పెట్టుకున్నా ఫర్వాలేదు, గొంతు ఒకటే జాగ్రత్త. ఆమె చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి ఆఖరి మెట్టు దాకా దింపాను. కింద గేటు దగ్గర పొడుగు నిలబడి ఉంది, చెల్లెల్ని తీసుకెళ్లడానికి. నన్ను చూసింది. చూపు తిప్పుకోలేదు, పలకరించనూ లేదు. ముందుకొచ్చి చెల్లెలి రెండో చెయ్యి తను అందుకుంది.

ఆ పిల్ల మా ఇద్దరి మధ్యా, ఒక చెయ్యి నా చేతిలో, ఒక చెయ్యి అక్క చేతిలో పెట్టుకుని ఆగింది. తల అటూ ఇటూ తిప్పింది.

"ఏంటక్కా, ఇద్దరూ ఇక్కడే ఉన్నారుగా. ఎవరూ మాట్లాడరేం?"

పొడుగు నా వైపు చూసింది. చెప్పాల్సినవన్నీ నోటిదాకా వచ్చాయి.

"ఏం లేదమ్మా" అన్నాను. "ఇంకో మెట్టుంది, జాగ్రత్త."