రేకుపెట్టె మీద దేశం పేరు

నేను ఒక రేకుపెట్టెను. మనుషుల మాట నమ్మను. నన్ను రంగూన్‌లో చేసిన మేస్త్రీ "పదేళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. మూడో నెలకే గొళ్ళెం ఊడింది. అప్పుడు పట్టుకుంది నాకీ అనుమానం.

నన్ను కొన్నవాడు రేవులో మూటలు మోసే గంగులు. 1965లో తిరుగు ఓడెక్కేముందు నా మూత మీద తన పేరూ, సంవత్సరమూ, 'బర్మా నుంచి విశాఖపట్నం' అనీ ఇంగ్లీషులో రాయించాడు. బర్మా అన్న ఆ పేరు మీదా నాకు గురి కుదరలేదు. అక్కడివాళ్ళు రాతలో మ్యన్మా అంటారు, మాటలో బమా అంటారు. రెండూ అక్కడి ప్రధాన జాతి పేరే. దాని అసలు అర్థమేమిటో పండితులకే తేలలేదు. తెల్లదొరలు తమ నోటికొచ్చినట్టు బర్మా అన్నారు. మన సిక్కోలు కూలీలకేమో రంగూన్ పేరు మీద అదంతా 'రంగం'. ఇన్ని మారుపేర్లున్న మనిషి ఊళ్ళోకొస్తే పోలీసులు ఊరుకుంటారా? చాలదన్నట్టు 1989లో అక్కడి సైనిక ప్రభుత్వం, ఇకమీదట ఇంగ్లీషులోనూ మియన్మార్ అనే రాయాలంది.

గంగులు పోయాక కూతురు అప్పలనరసమ్మ ఇంట్లో ఉన్నాను. తిరిగొచ్చినవాళ్ళకని ఇచ్చిన జాగాలో కట్టుకున్న ఇల్లది. కాగితాలన్నీ తుఫానులో తడిసి ముద్దయిపోయాయి. పట్టా కావాలంటే అక్కణ్ణుంచి వచ్చినట్టు రుజువు తెమ్మన్నారు. మిగిలిన రుజువు నేనొక్కదాన్నే.

అల్లుడు సూర్రావు దరఖాస్తు పెట్టబోతే కంప్యూటర్లో బర్మా లేదు, మియన్మార్ ఉంది. పేరు కలవకపోతే అత్తకు ఇబ్బందని, నా మీది దేశం పేరును గరుకు కాగితంతో గీకించి, అక్కడ మియన్మార్ అని నిగనిగలాడేలా రాయించాడు. అందర్నీ అనుమానించిన నేను అతన్ని మాత్రం అనుమానించలేదు. అంత ప్రేమగా దుమ్ము తుడిచాడు మరి.

ఆఫీసులో గుమస్తా నన్ను చూసి నవ్వాడు.

"అరవై అయిదులో ఈ పేరెక్కడిదమ్మా? దొంగ పెట్టె తెచ్చారా?"

"నానేటి దొంగదాన్నా బాబూ? మా అయ్య రాయించిందే. మా అల్లుడు కొత్తపేరు ఏయించినాడు."

"మరి పాతపేరు ఏదీ?"

ఆమె చీరచెంగుతో రుద్దింది. గోటితో గీకింది. రంగు కింద ఉత్త రేకు తేలింది. నాకు నోరు లేనందుకు ఆ పూట ఏడుపొచ్చింది.

పట్టా రాలేదు, ఇల్లు ఖాళీ చెయ్యమని నోటీసొచ్చింది. నిన్న అప్పలనరసమ్మ బట్టలు మడిచి నాలో సర్దింది. సూర్రావు తల వంచుకుని అడిగాడు.

"అత్తా, కొత్త అడ్రసు రాయించమంటావా?"

"వొద్దు నాయినా. ఈపాలి ఏ పేరూ రాయించకు."