మూడో నంబరు పోతు

"ఈసారైనా ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉండు," అన్నారు మా అత్తగారు, నేను భోజనం డబ్బాలు సర్దుతుంటే. మూడుసార్లు కడుపు పోయింది నాకు. మూడుసార్లూ నేను ఒళ్లు దగ్గర పెట్టుకోలేదన్నమాట. సాయంత్రం నాలుగున్నరకి ఆసుపత్రిలో పిల్లల కోసం నాలుగో విడత సూదులు మొదలు. మా ఆయన పేపరు మడుస్తూ, "లేటు చెయ్యకు, నాకు మీటింగుంది," అన్నారు. మూత నొక్కేటప్పుడు బొటనవేలు నలిగింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే అదీ నా అజాగ్రత్త కిందే జమ.

మేక పిండాల్లో క్రోమోజోములు లెక్కపెట్టడం నా ఉద్యోగం. కబేళా నుంచి ఫ్లాస్కులో అండాశయాలు వస్తాయి. వాటిలోంచి గుడ్లు తీసి, గాజు పళ్లెంలో మేకపోతు వీర్యంతో కలిపి, తయారైన పిండాల్ని స్లైడు మీద పరుస్తాం. కణానికి అరవై ఉండాలి. ముప్ఫై ఉన్నా, తొంభై ఉన్నా ఆ పిండం నిలవదు. ఏ స్లైడు ఏ పోతుదో లెక్క పూర్తయ్యేదాకా నాకు తెలియనివ్వరు, గుర్తులు మాత్రమే వేస్తారు. మెడ పట్టేసేలా, కళ్లు మండేలా పదేళ్ల నుంచి ఇదే పని. "నువ్వు లెక్కపెట్టి ఇవ్వమ్మా చాలు, ఆలోచించడానికి మేమున్నాంగా," అంటారు మా డైరెక్టరు.

నిన్న ఆ గుర్తులు విప్పారు. ఒకే ఫ్లాస్కులోని గుడ్లని మూడు వాటాలు చేసి మూడు పోతులకి పంచాం. అలా ఎనిమిది వారాలు చేశాం. మొదటి రెండు పోతుల పిండాల్లో పదింటికి ఒకటి చెడింది. మూడోదానివి పదింటికి ఐదు. మెడలో పతకంతో డైరెక్టరు పక్కన ఫోటో దిగిన పోతు అదే.

ఇవాళ పొద్దున ఆయన నా రిపోర్టు తిరగేశారు.

"పోతు నంబరు తీసెయ్. గుడ్లలో లోపం అని రాయి."

"గుడ్లు మూడింటికీ అవే కదా సార్."

"కబేళా గుడ్లమ్మా. ఏ ముసలి మేకవో ఏమో. మూడింటిలోపు సంతకం పెట్టి పంపు. నీవల్ల కాకపోతే ఆ కుర్చీకి చాలామంది ఉన్నారు."

ఒళ్లు మండిపోయింది. ఆ పోతు వీర్యం చుట్టుపక్కల మందలన్నిటికీ వెళ్తోంది. చూలు నిలవని మేకని ఎవరూ మేపరు, కబేళాకి తోలేస్తారు. దాని అండాశయాలు మళ్లీ నా బల్ల మీదకే వస్తాయి. భయం కూడా వేసింది, ఎందుకు దాచాలి? ఉద్యోగం పోతే ఇంట్లో నా మాటకి ఇప్పుడున్న ఆ కాస్త విలువా ఉండదు. రెండోసారి కడుపు పోయినప్పుడు డాక్టరమ్మ మా ఇద్దరికీ క్రోమోజోముల పరీక్ష రాసింది. నేను ఆ వారమే రక్తమిచ్చాను. నలభై ఆరూ సరిగ్గా ఉన్నాయి. మా ఆయన ఇవ్వలేదు. "నాకెందుకే పరీక్ష? మా వంశంలో ఎవరికీ ఈ గొడవ లేదు," అన్నారు. పోట్లాట ఎందుకని ఊరుకున్నాను. ఆ తర్వాత మూడోది కూడా పోయింది, అప్పుడూ ఊరుకున్నాను. లోపం గుడ్లదేనని ఇక్కడ పెట్టమంటున్న సంతకం ఇంట్లో నేను ఎప్పుడో పెట్టేశానని ఆ రిపోర్టు ముందు కూర్చుంటే అర్థమైంది.

మూడుకి పది నిమిషాలుందనగా పోతు నంబరు ఉంచే సంతకం చేసి పంపాను. బ్యాగు తీసుకుని బయటపడ్డాను.

ఆసుపత్రిలో ఈయన గడియారం చూసుకుంటున్నారు. "వచ్చావా? తొందరగా కానియ్." నర్సు ట్రేలో సూది సర్ది నన్ను పిలిచింది. నేను లేవలేదు.

"ముందు ఈయన రక్తం తీసుకోండి సిస్టర్, క్రోమోజోముల పరీక్షకి. ఆ రిపోర్టు వచ్చేదాకా నాకు సూదులు వద్దు."

గదిలో కూర్చున్న జంటలన్నీ ఇటు తిరిగాయి. ఈయన మొహం ఎర్రబడింది.

"ఏంటిది? అందరూ చూస్తున్నారు," అన్నారు పళ్లు బిగించి.

"చూడనివ్వండి," అన్నాను. "మూడుసార్లు నన్ను చూశారుగా."