గద్దె మీద లూ బోపింగ్

చలికాలపు మధ్యాహ్నం సూచౌ నాటకశాల కిక్కిరిసిపోయింది. పెకింగ్‌లో ప్రెసిడెంటు తనను తానే చక్రవర్తిగా చాటుకుని నెల తిరగలేదు. ఇక్కడేమో షాంఘై నుంచి వచ్చిన బృందం, రాజును చంపి గద్దెనెక్కిన సేనాపతి కథ ఆడుతోంది. అది ఇంగ్లీషువాళ్ల పాత నాటకం. చైనా భాషలోకి వచ్చింది కథ వరకే. మాటలు ఎవరికి వారు వేదిక మీద అల్లుకోవలసిందే.

టావ్ యూచూ అద్దం ముందు పెదవులకు రంగు దిద్దుకుంటున్నాడు. సేనాపతి భార్య వేషం అతనిది. మేనేజరు చ్యూ రొప్పుతూ తెర వెనక్కి వచ్చాడు.

"ముందు వరసలో ఇన్‌స్పెక్టర్ ఫాన్ కూర్చున్నాడు. తలుపుల దగ్గరంతా పోలీసులే. లూ, నీ కాళ్లు పట్టుకుంటాను, ఇవాళ ఉపన్యాసం వద్దు. రెండు ముక్కలు చెప్పి గద్దె దిగిపో."

సేనాపతి వేషం వేసే లూ బోపింగ్ గద్దె మీంచి సర్కారును దుయ్యబడుతూ ఇచ్చే ఉపన్యాసం వినడానికే జనం ఎగబడి వస్తారు. అతను పకపకా నవ్వాడు. "ఇవాళ ఆ ఫాన్ చెవులు చిల్లులు పడాల్సిందే!"

"అన్నా, మా అమ్మకు నేనొక్కణ్ణే," అన్నాడు యూచూ. "పట్టుకుపోతే అందర్నీ పట్టుకుపోతారు."

"ఆడవేషం కట్టీ కట్టీ నీ గుండె పిట్టగుండె అయిపోయిందిరా తమ్ముడూ!"

నాటకం మొదలైంది. రాజు చచ్చాడు. లూ గద్దెనెక్కాడు. జనం పుచ్చగింజలు కొరకడం ఆపేశారు. మొహాలు తుడుచుకోవడానికి జనానికి వేడి తువ్వాళ్లు విసిరే పనివాళ్లు సైతం ఎక్కడివాళ్లక్కడే నిలబడ్డారు. అప్పుడు ఫాన్ నడుముకున్న పిస్తోలు తీసి, టీ కప్పు పక్కన నెమ్మదిగా పెట్టాడు.

లూ నోరు తెరిచాడు. మాట రాలేదు.

"మాట్లాడవయ్యా!" పైఅంతస్తు నుంచి ఎవరో కేక వేశారు. ఈలలు మొదలయ్యాయి. యూచూ వెళ్లి లూ చెయ్యి పట్టుకున్నాడు. మంచుగడ్డలా ఉంది. "అన్నా, ఏదో ఒకటి అను," అని గొణిగాడు. లూ కళ్లు పిస్తోలు మీదే ఉండిపోయాయి.

 వేదిక అలా కళ్లముందే చచ్చిపోతుంటే యూచూ చూస్తూ నిలబడలేకపోయాడు. ఆడగొంతుతోనే అందుకున్నాడు.

"ఏమండీ రాజుగారూ! ఎవరూ ఇవ్వని కిరీటం పెట్టుకున్నారు, మరి ఆ వణుకు దేనికి? ఊళ్లో మిమ్మల్ని ఏమంటున్నారో నా నోటితోనే వింటారా? దొంగ అంటున్నారు!"

నాటకశాల దద్దరిల్లింది. "దొంగ! దొంగ!" అంటూ జనం బల్లలు చరిచారు. ఫాన్ లేచి నిలబడ్డాడు.

పట్టుగౌనుతో, సవరంతో, పెదవుల రంగుతోనే యూచూని కాలువ గట్టు వెంబడి నడిపించుకుపోయారు. తక్కినవాళ్లను వదిలేశారు.

"ఎవరు రాసిచ్చారా మాటలు?" ఠాణాలో ఫాన్ అడిగాడు.

"ఎవరూ రాయలేదండీ. నోటికొచ్చాయి."

చెంప పగిలింది. మరునాడూ అదే ప్రశ్న, అదే జవాబు.

ఎండాకాలంలో, చక్రవర్తినని చాటుకున్న ఆ పెకింగ్ పెద్దమనిషి చచ్చాడు. యూచూని వదిలేశారు. జైలు గేటు దగ్గర లూ ఉన్నాడు, సగానికి సగం చిక్కిపోయి.

"మీ అమ్మ మా ఇంట్లోనే ఉంది. బాగుంది," అన్నాడు. నేల చూస్తూ, "ఆ రోజు నాకు మాట రాలేదురా," అన్నాడు.

"నాకూ కాళ్లు వణికాయన్నా. గౌను పొడుగ్గా ఉంది కాబట్టి ఎవరికీ కనపడలేదు."

లూ నవ్వలేదు. "ఫాన్ దగ్గరికి పోయి, ఆ మాటలు నావేనని చెబుదామనుకున్నా. ఠాణా మెట్ల దాకా వెళ్లి వెనక్కొచ్చేశాను."

యూచూకి కోపం వచ్చింది. ఇన్నాళ్లలో అదే మొదటిసారి. అయినా లూ ఇంటివైపే నడక మొదలుపెట్టాడు.

"అమ్మ ఏం వండింది?" అని అడిగాడు.