తిరుమలయ్య టర్బో

పెద్దదా, చిన్నదా అన్నదే ఆ నెలంతా చిత్తూరులోని మా షెడ్డులో తగువు. కారు బంగారుపాళ్యం మామిడితోటల బాలసుబ్రమణ్యానిది. పాత హెరాల్డ్. పైకప్పు కోయించి, దాని ఇంజను పీకించి, ఎక్కడిదో విదేశీ కారు ఇంజను పెట్టించాడు. మద్రాసు దగ్గర షోలవరంలో జరిగే కార్ల పందేనికి పంపాలని ఆయన ముచ్చట. బిగించేది నేను, గంగాధరాన్ని. నడిపేది మా తమ్ముడు మునికృష్ణ. ఉన్నవాడి ముచ్చటకు లేనివాడి మెడ అడ్డమని నేను సణిగితే వాడు నవ్వేవాడు.

ఆ ఇంజనుకు టర్బో కావాలన్నాడు బాలసుబ్రమణ్యం. ఇంజను వదిలే పొగతో ఒక చక్రం తిరుగుతుంది, అది ఇంకో చక్రాన్ని తిప్పి ఇంజనులోకి గాలిని కుక్కుతుంది, అంతే దాని సంగతి. రేణిగుంటలో పాత ఇనుము అమ్మే కుప్పుస్వామి దగ్గర రెండు దొరికాయి. పెద్దది మట్టి తవ్వే యంత్రానిది. చిన్నది నిరుడు మొగిలి ఘాట్‌లో లోయలో పడిన జపాను వ్యానుది. దాని డ్రైవరు తిరుమలయ్య అక్కడికక్కడే పోయాడు. కుప్పుస్వామి ఏదీ దాచలేదు.

నా లెక్కకు చిన్నదే సరి. పెద్ద చక్రం బరువు కాబట్టి తొక్కిన వెంటనే పలకదు. పలికిందంటే బలమంతా ఒక్కసారిగా వచ్చి పడుతుంది. మలుపు మధ్యలో అలా వచ్చిందా, వెనక చక్రాలు జారి కారు బొంగరమైపోతుంది. పెద్దది పెడితే తమ్ముణ్ణి నా చేతులతో నేనే చంపుకున్నట్టు.

కానీ మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. మనిషి పోయిన బండి సామాను వాడాలంటే దాన్ని ఆ ఇంటికి తీసుకెళ్ళి, ఆకువక్క పెట్టి అడగాలి. ఆ ఇంటి ఆడమనిషి దాని మీద చెయ్యి వేసి వాడుకోమనాలి. చదువుకున్నవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ, బండ్ల కింద దూరేది వాళ్ళు కాదు కదా.

తిరుమలయ్య ఇల్లు బంగారుపాళ్యంలోనే, మామిడిగుజ్జు ఫ్యాక్టరీ వెనక సందులో. నేనొక్కణ్ణే వెళ్ళాను. మా తమ్ముడు ఆ మనిషినిగానీ ఆ ఇంటినిగానీ ఎన్నడూ చూసి ఎరగడు. తిరుమలయ్య పెళ్ళాం నాగులమ్మకు ముప్పై ఏళ్ళుంటాయి. నుదుట బొట్టు అలాగే ఉంది. అది చూసి నాకు మాట తడబడింది. టర్బోను గోనెసంచి మీద పెట్టి, ఆకువక్క ఇచ్చి, వచ్చిన పని చెప్పాను. ఆమె చెయ్యి వెయ్యలేదు. వంగి దానికి చెవి ఆనించి చాలాసేపు విన్నది.

"మా ఇంటాయన ఇంకా ఇల్లు చేరలేదప్పా," అన్నది. "దావలోనే ఉండాడు. ఆయన రాకముందే ఆయన సామాను నేనెట్లిచ్చేది?"

"ఏడాదైంది గదమ్మా. కర్మ కూడా చేసినారంట."

"చేసినోళ్ళు చేసినారు. నేనింకా వాకిలికి గడియ పెట్టటం లేదు."

పక్కింటి పెళ్ళి గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. టర్బో ఎత్తుకుని వెనక్కి చూడకుండా వచ్చేశాను.

షెడ్డులో తమ్ముడు కాచుకుని ఉన్నాడు. "ఆయమ్మ చెయ్యి ఏసిందా న్నా? ఏయకుంటే చెప్పు, పెద్దదే పెట్టేద్దాం. నేను సూసి తొక్కుకుంటా. ఇయ్యని సామానుతో మాత్రం నేను స్టీరింగు పట్టను."

వాడు చూసి తొక్కే రకం కాదు. వాడి కాలి బరువు నాకు తెలుసు.

"ఏసింది," అన్నాను. "వాడుకోమనింది."

వాడితో నేనాడిన పెద్ద అబద్ధం అదొక్కటే. వాడి ప్రాణం కోసమే ఆడాను. దేవుడు అడిగినా ఇదే చెబుతాను.

చిన్నదే బిగించాను. ఇంజను ఆపాక టర్బో చక్రం కాసేపు తనంతట తాను తిరిగి, సన్నగా ఈల వేసి ఆగుతుంది. అది మామూలే. ఇది ఎంతకీ ఆగేది కాదు. స్క్రూడ్రైవరు మొన దానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాను. లోపలి చప్పుడు పట్టడానికి మేం చేసే పని అది. ఈల వెనక ఎవరో ఆయాసపడుతూ నడుస్తున్నట్టు వినిపించింది. బేరింగు అరిగి ఉంటుందని నాకు నేనే చెప్పుకుని కొత్త నూనె పోశాను. భయపడ్డానని ఒప్పుకోకుండా ఉండటానికి మెకానిక్కుకు సాకులకేం కొదవ.

ఆదివారం పొద్దున ఇద్దరం కారులో ఘాట్ ఎక్కి పలమనేరు దాకా పోయాం. తొక్కితే చాలు, బలం అందుకునేది. నా లెక్క తప్పలేదని పొంగిపోయాను.

తిరుగుదారిలో ఘాట్ మొదలయ్యేసరికి తమ్ముడు మాట మానేశాడు. వాడి కాలు యాక్సిలరేటరు మీద లేదు, అయినా ఈల పెరుగుతోంది. పెద్ద మలుపు దగ్గర మోచెయ్యి తలుపు మీద ఆనించి, ఒంటిచేత్తో స్టీరింగు తిప్పాడు. మా వాడు ఎప్పుడూ అలా పట్టడు.

"మెల్లిగా పోరా," అన్నాను. వేగం తగ్గలేదు. నేనే చెయ్యి చాచి తాళం తిప్పేశాను. ఇంజను ఆగింది. ఈల ఆగలేదు. వాడు నా వైపు చూడకుండా తాళం మళ్ళీ తిప్పి, మా వాడికి ఎన్నడూ లేని నిదానంతో ఆ మలుపులన్నీ దించాడు. పడిపోతామన్న భయం పోయింది. దానికన్నా పెద్ద భయం పట్టుకుంది.

బంగారుపాళ్యంలో చిత్తూరు దారి వదిలేసి ఫ్యాక్టరీ వెనక సందులోకి తిప్పాడు. నాగులమ్మ వాకిట్లో కారు ఆపాడు. అప్పుడు ఈల తగ్గి తగ్గి ఆగిపోయింది. చెప్పులు విప్పి, తొట్టిలో నీళ్ళతో కాళ్ళు కడుక్కుని, పొట్టి గుమ్మానికి తల తగలకుండా వంగి లోపలికి వెళ్ళాడు. నాగులమ్మ పీట వేసింది.

నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. "రేయ్ మునికృష్ణా, లేయ్‌రా. ఇంటికి పోదాం. అమ్మ కాసుకోని ఉంటాది."

వాడు తలెత్తాడు. మా తమ్ముడి ముఖమే, నేను ఎత్తుకుని తిరిగిన ముఖమే. కొత్తవాళ్ళతో మాట్లాడే మర్యాదతో నా వైపు చూశాడు.

"మునికృష్ణ ఎవరప్పా? ఈడ ఆ పేరుగలోళ్ళు ఎవురూ లేరే. ఎండన పడి వచ్చినట్టుండావు, లోపలికి వచ్చి కూసో. నాగులూ, ఆయప్పక్కూడా ఇంత అన్నం పెట్టు."