పిచ్చుక చూసే కుటుంబం

కళ్ళ డాక్టరమ్మ కొత్త నంబరు రాసిన కాగితాన్ని పాత కాగితం పక్కన పెట్టి, రెండింటినీ మెకానిక్ వైపు తిప్పింది.

"ఏడాదిలో రెండుసార్లు పెరిగింది. ఫోను బాగా తగ్గించండి. రోజూ బయట వెలుతురులో ఆడనివ్వండి. అద్దాలైతే నేను రాసిస్తాను గానీ, ఆట రాసివ్వలేను కదా!" అంది.

మెకానిక్ తల ఊపాడు. ఇరవై రెండేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్న మనిషి. ఇనప తాడు ఎక్కడ అరిగిందో చప్పుడు విని చెప్పగలడు. పక్క కుర్చీలో కూర్చున్న పదేళ్ళ కూతురి చూపు తగ్గుతోందన్న సంగతి మాత్రం ఇంకొకరు చెబితే గాని తెలియలేదు.

కూతురి ముద్దుపేరు పిచ్చుక. మాటలు వచ్చిన కొత్తలో నిద్రలో కూడా కిచకిచలాడేదని తల్లి పెట్టిన పేరు. ఇప్పుడా పేరు ఆ పిల్ల ఒంటిమీద వదులు చొక్కాలా వేలాడుతోంది. తల్లిదండ్రులు విడిపోయి మూడేళ్ళయింది. తల్లి వేరే ఊళ్ళో మళ్ళీ పెళ్ళి చేసుకుంది. సంసారం కుదుటపడ్డాక పిల్లని తీసుకెళతానంది. కుదుటపడిందో లేదో ఆమె చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. ఆదివారం ఆదివారం ఫోను చేసి, తిన్నావా, చదువుతున్నావా అంటుంది. తిన్నాను, చదువుతున్నాను అంటుంది పిచ్చుక. మిగతా ఆరు రోజులూ బడి వదిలాక ఇంట్లో ఆ పిల్ల, చేతిలో ఓ పాత ఫోను. తండ్రి వచ్చాక ఇద్దరు మనుషులు, రెండు ఫోన్లు.

ఆ సాయంత్రమే మెకానిక్ రెండు ఫోన్లూ పనిముట్ల పెట్టెలో పెట్టి మూత వేశాడు.

"నాది కూడా పెట్టేశాను, చూడు. ఆఫీసు నుంచి ఫోనొస్తే తప్ప తియ్యను" అన్నాడు.

పిచ్చుక చూసింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని అతనికి ఆరోజే తెలిసింది. ఏదో ఒకటి మాట్లాడాలని చాలాసేపు వెతుక్కుని, చివరికి, "ఫ్రిజ్ మోటారు పోయేట్టుంది" అన్నాడు.

"ఊఁ" అంది పిచ్చుక.

మర్నాడు పని నుంచి పెందలాడే వచ్చి కూతుర్ని బయల్దేరదీశాడు. వాళ్ళది ఐదో అంతస్తు. మెట్లమీదే దిగుదామన్నాడు. రెండో అంతస్తు పిన్నిగారు గుమ్మంలో నిలబడి బుగ్గన వేలేసుకుంది.

"ఏమయ్యోయ్, ఈ లిఫ్టు బాగుచేసేదీ నువ్వే, ఎక్కనిదీ నువ్వేనా? వంటవాడే తన వంట ముట్టకపోతే మా గతేం కాను?"

"లిఫ్టుకేం ఢోకా లేదు పిన్నిగారూ. డాక్టరమ్మ చెప్పింది, మాకే మరమ్మతు" అన్నాడు మెకానిక్. పిచ్చుక నవ్వుతుందేమోనని వెనక్కి చూశాడు. నవ్వలేదు.

భవనాల వెనక ఖాళీ స్థలం ఉంది. దాని చుట్టూ నాలుగు చుట్లు నడిచారు. అతను ముందు, పిల్ల వెనక. మూడోరోజు కొత్త బంతి తెచ్చి విసిరితే, అది పిచ్చుక భుజానికి తగిలి దొర్లిపోయింది. తండ్రీ కూతురూ చెరోవైపు నిలబడి, ఎవరు తెస్తారా అని బంతి వంక చూశారు. ఆఖరికి మోకాళ్ళ నొప్పులతో అతనే వెళ్ళి తెచ్చుకున్నాడు.

నాలుగోరోజు పిచ్చుక ఆఖరి మెట్టు మీద కూర్చుండిపోయింది. వెక్కివెక్కి ఏడుస్తోంది.

"ఏమైందమ్మా? కాలు నొప్పా?"

"పాప ఈ వారం నడుస్తుందన్నారు. నేను చూళ్ళేదు."

"ఏ పాప?"

"వాళ్ళింట్లో పాప."

మెల్లమెల్లగా సంగతి బయటపడింది. పిల్ల ఫోనులో ఆటలాడుకుంటోందని అతననుకున్నాడు. ఆటలు కావు. ఎక్కడో ఒక కుటుంబం. అమ్మ, నాన్న, ఒక అన్న, ఒక అక్క, ఒక పసిపాప. పొద్దున లేచింది మొదలు తాము చేసే పనులన్నీ వీడియో తీసి రోజూ పెడతారు. అందరూ కలిసి గిన్నెలు తుడుస్తారు, కారు కడుగుతారు, వానలో నడిచొస్తారు. పిచ్చుక ఏడాదిన్నరగా ఒక్కరోజు కూడా మానకుండా చూస్తోంది.

"వాళ్ళు పొద్దున్నే, బాగున్నారా అని అడుగుతారు నాన్నా. నేను బాగున్నానంటాను."

మెకానిక్‌కి ఒళ్ళు మండింది. "ముక్కూ మొహం తెలియనివాళ్ళు! వాళ్ళెవరు మనకి?" అని గట్టిగా కసిరాడు. పిచ్చుక మోచేత్తో కళ్ళు తుడుచుకుని లేచింది. ఆరోజు కూడా నాలుగు చుట్లూ వెనకే నడిచింది.

మర్నాడు అతనికి పద్నాలుగు అంతస్తుల భవనంలో పని. మధ్యాహ్నం పైకప్పు మీది యంత్రాల గదిలో ఒక్కడే కూర్చుని భోజనం డబ్బా తెరిచాడు. ఊరుకోలేక, పనిముట్ల పెట్టెలోంచి తన ఫోను తీసి, పిల్ల చెప్పిన ఆనవాళ్ళు పట్టుకుని ఆ కుటుంబాన్ని వెతికాడు. దొరికారు. ఆ తండ్రి తనకంటే లావు. రొప్పుతూ పిల్లల వెంటపడి, గడ్డిలో జారి వెల్లకిలా పడ్డాడు. పిల్లలు వెళ్ళి మీద పడ్డారు. 'ఎదురుగా కెమెరా ఉంటే ఎవడైనా పడతాడు' అనుకున్నాడు మెకానిక్. అయినా రెండోది చూశాడు. మూడోదీ చూశాడు. ఆఖర్న ఆ తల్లి సూటిగా ఇటే చూస్తూ, "ఈరోజు మీకెలా గడిచింది?" అంది.

"బాగానే గడిచింది" అన్నాడు మెకానిక్, నోట్లో ముద్దతో, పైకే.

తన గొంతు తనకే వినబడి ఉలిక్కిపడ్డాడు. గదిలో యంత్రాలు తప్ప ఎవరూ లేరు. పగలంతా తననలా అడిగినవాళ్ళు లేరు. ఆమాటకొస్తే, ఏడాదిన్నరగా తను కూతుర్నీ అలా అడగలేదు. డబ్బా మూసేశాడు.

సాయంత్రం మెట్లు దిగుతూ, "పాప నాలుగడుగులు వేసింది" అన్నాడు.

పిచ్చుక ఆగిపోయింది. "నువ్వు చూశావా?"

"చూశాను. ఐదో అడుగుకి చతికిలబడింది. ఏడుస్తుందనుకున్నా, తనే చప్పట్లు కొట్టుకుంది."

"అన్నయ్య పట్టుకోలేదా? వాడు పట్టుకోడు నాన్నా, ఉత్త మొద్దు! అక్కయ్యే మంచిది. కానీ అక్కయ్యకి కుక్కలంటే భయం, నీకు తెలుసా? ఒకసారి ఏమైందంటే..."

ఆ కిచకిచ నాలుగు చుట్లయినా ఆగలేదు. ఐదోది కూడా నడిచారు. పిల్ల ఎప్పుడు తన పక్కకి వచ్చిందో అతను గమనించలేదు.

ఆదివారం మధ్యాహ్నం అరగంట, ఆ వీడియోలు ఇద్దరూ కలిసి చూడాలి. సాయంత్రాలు మాత్రం రోజూ బయటికి. అదీ ఒప్పందం. అలాగని అతనేమీ ఆ వీడియోల్లోని తండ్రిలా అయిపోలేదు. కొన్ని సాయంత్రాలు ఇద్దరి దగ్గరా మాటలు అయిపోయేవి, ఊరికే నడిచేవారు. పిచ్చుక బంతి పట్టడం నేర్చింది. ఆరు నెలలకి డాక్టరమ్మ మళ్ళీ పరీక్ష చేసి, "నంబరు కదల్లేదు" అంది. అదే పదివేలనుకున్నాడు.

ఆ తరవాతి ఆదివారమే ఆ కుటుంబం ఇక వీడియోలు మానేస్తున్నామని చెప్పింది. కెమెరా లేకుండా కొన్నాళ్ళు బతకాలనుందట. "ఇన్నాళ్ళూ మాతో ఉన్నారు, సంతోషం" అని అందరూ చెయ్యి ఊపారు. పాప కూడా ఊపింది.

"మనం ఉన్నామని వాళ్ళకి తెలుసా నాన్నా?"

తెలుసు అనేస్తే ఒక మాటతో పోయేది. "తెలియదమ్మా. ఎవరో ఒకరు ఉంటారని అనుకుంటారంతే" అన్నాడు.

పిచ్చుక గోడవైపు తిరిగి పడుకుంది. సాయంత్రం పిలిస్తే లేవలేదు. కాసేపు చూసి మెకానిక్ ఒక్కడే దిగాడు. ఒక చుట్టు నడిచాడు. రెండో చుట్టు సగంలో వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. ఏడ్చిన మొహంతో వచ్చి పక్కన కలిసింది.

"నిన్న నువ్వేం చేశావు నాన్నా? పొద్దున్నించీ చెప్పు."

"నిన్నా? ఏముంటుంది చెప్పడానికి? బట్టల దుకాణంలో లిఫ్టు తలుపు మూసుకోలేదు. రెండు గంటలు వెతికా. చివరికి చూస్తే గాడిలో ఒక గుండీ ఇరుక్కుంది."

"గుండీనా! ఏ రంగు?"

మెకానిక్ ఆలోచించాడు. "నీలం అనుకుంటా."

"అనుకుంటా ఏంటి? సరిగ్గా చూడలేదా?"

"ఇకనుంచి చూస్తాలే" అన్నాడు.