అరవై ఐదు కేజీలు

"సార్, ఇంకెన్ని రౌండ్లు?"

రెండు స్వెట్టర్లు తొడుక్కుని మార్చి ఎండలో పరుగెడుతున్న హాసిని గొంతు పిడచగట్టుకుపోయింది. పర్వేజ్ నాలుగు వేళ్లు చూపించాడు.

తిరువూరు దాటాక గంపలగూడెం రోడ్డులో ఉన్న ఆ ప్రైవేటు కాలేజీలో అతను కబడ్డీ కోచ్. పద్నాలుగు వేల జీతం, ఏడాది కాంట్రాక్టు. రేపు పొద్దున్నే టోర్నమెంటులో ఆడపిల్లల తూకం. అరవై ఐదు కేజీలు దాటితే ఆడనివ్వరు. హాసిని ఇవాళ అరవై ఆరున్నర తూగింది. నిన్న మధ్యాహ్నం నుంచి నోట్లో నీటిచుక్క పడలేదు. ఆడితేనే ఫీజు మాఫీ. వినగడపలో పత్తి తీసే వాళ్లమ్మకు మాఫీ సంగతి తెలుసు, ఈ పరుగు సంగతి తెలియదు.

పర్వేజ్ కూడా పద్దెనిమిదేళ్లప్పుడు స్వెట్టర్లలో ఇలాగే పరుగెత్తాడు. పక్కన అదే జట్టులోని జోజప్ప ఉండేవాడు. తూకానికి ముందురోజు ఫిట్స్ వచ్చి పడిపోయిన జోజప్ప మళ్లీ లేవలేదు. గుండెజబ్బన్నారు అందరూ. పర్వేజ్ అదే నమ్మాడు. కోచ్ అయ్యాక నాలుగు కాలేజీల్లో పిల్లల చేత అదే పరుగు తీయించాడు.

"ఏమయ్యా పర్వేజూ, ఆ పిల్ల తగ్గాల్సిందంతా నీకెక్కినట్టుందే! పెళ్లయి నెల కాలేదు, అప్పుడే బుగ్గలొచ్చినాయి," అన్నాడు కాలేజీ యజమాని బసవపున్నయ్య, గొడుగు కింద నుంచి.

పర్వేజ్ చేతిలో సీసా ఉంది. పొద్దున భార్య మెహనాజ్ అందులో నిమ్మకాయ పిండి, సబ్జా గింజలు వేసి, "చూడండి, కప్పగుడ్లు!" అని పడీపడీ నవ్వింది. తడిగుడ్డ చుట్టి ఇచ్చింది. ఇంకా చల్లగానే ఉంది.

హాసిని మలుపు తిరిగి దగ్గరకొచ్చింది. ముఖం ఎర్రగా కందిపోయింది. నుదురు మాత్రం పొడిగా ఉంది.

"చూశావా స్టామినా! చెమటే పట్టట్లేదు," అన్నాడు బసవపున్నయ్య మురిసిపోతూ.

పర్వేజ్ ఆ నుదురు వంకే చూశాడు. ఆ రోజు జోజప్ప నుదురూ ఇలాగే పొడిగా ఉంది. చెయ్యి పెట్టి చూసింది తనే. ఎవరికీ చెప్పలేదు.

"ఆగు హాసినీ! ఆగమంటున్నానా!"

ఎదురెళ్లి పట్టుకుని నీడకి లాక్కొచ్చాడు. స్వెట్టర్లు ఊడదీసి, సీసా మూత తిప్పాడు.

"వద్దు సార్. తాగితే బరువు పెరుగుద్ది. నా పేరు కొట్టేస్తారు. ఫీజు మా అమ్మ ఎక్కణ్ణించి కడుద్ది సార్..." మాట ముద్దగా వస్తోంది.

"పర్వేజూ, మూత పెట్టు," అన్నాడు బసవపున్నయ్య. నవ్వు పోయింది. "ఆ నీళ్లు తాగించావో, రేపట్నించి నువ్వు రానక్కర్లేదు."

"పెట్టనండి."

అది తనకే వినబడలేదు. మళ్లీ అన్నాడు, ఈసారి గట్టిగా. "పెట్టనండి. ముందు ఆటో పిలిపించండి."

బసవపున్నయ్య కదల్లేదు. పర్వేజ్ సీసాను ఆ పిల్ల పెదవులకు ఆనించాడు. హాసిని పళ్లు బిగించుకునే ఉంది. సబ్జా గింజలు గడ్డం మీదుగా ఒక్కొక్కటే జారిపోతున్నాయి.